అమ్మ కూర్చుంది... కాసేపు పిలవకండి!

దిల్‌సుఖ్‌నగర్‌లో దొరకని వస్తువంటూ ఉండదని మనం గొప్పగా చెప్పుకుంటాం. మెట్రో స్టేషన్ మెట్లు దిగి చైతన్యపురి వైపు నాలుగడుగులు వేస్తే చాలు. చీర ఫాల్సు నుంచి పెళ్లి నగల దాకా, స్టీలు డబ్బాల నుంచి సోఫా కవర్ల దాకా అన్నీ ఆ రోడ్డు మీదే. కొన్నేళ్లుగా ఆ వరసలో బుద్ధుడు కూడా చేరాడు. నీళ్లు జారే ఫౌంటెన్‌లో ఓ బుద్ధుడు, గోడకి తగిలించే తల ఒక్కటే ఉన్న బుద్ధుడు, టీవీ పక్కన పెట్టుకునే బంగారు రంగు బుద్ధుడు. గృహప్రవేశానికి వెళ్తే మూడిళ్లలో ఒకదానికి ఆయన బహుమతిగా వచ్చి ఉంటాడు.

‘ప్రశాంతత కోసం’ అంటారు అడిగితే. ప్రశాంతత బొమ్మలో ఉంటుందా? దాన్ని ఇంటికి తెచ్చుకున్నంత మాత్రాన మనకి వస్తుందా? ఈ ప్రశ్న నాకెప్పుడూ ఉండేది. ఎల్బీనగర్‌లో ఉండే నా స్నేహితురాలు చేత్తో చెక్కిన ఓ చెక్క విగ్రహం కోసం ఆరు నెలలు తిరిగింది. ఆమె వెంట నేనూ తిరిగాను. నా ప్రశ్నకి జవాబు ఆ తిరుగుళ్లలోనే దొరికింది.

‘ఇంట్ల నాకంటూ జాగ లేదక్కా!’

ఆమెది నల్గొండ వైపు. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం చేసే భర్త, పక్షవాతంతో మంచాన ఉన్న అత్తగారు. రెండు పడకగదుల ఇల్లు. తెల్లవారుజామున నీళ్లు పట్టడంతో మొదలైన పని రాత్రి అత్తగారికి పక్క సర్దడంతో గానీ తీరదు. నిద్ర కరువైంది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, మందులు రాసి, ‘రోజూ కాసేపు మీకోసం మీరు కేటాయించుకోండమ్మా’ అన్నారు. చెప్పడం తేలికే!

ఎల్బీనగర్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డులో కొద్ది దూరం వెళ్తే వనస్థలిపురం కుసుమ్‌నగర్‌లో ‘ధమ్మఖేత్త’ విపశ్యన కేంద్రం ఉంది. 1976లో మొదలైంది. బర్మాలో పుట్టి పెరిగి, 1969లో భారతదేశం వచ్చి విపశ్యన నేర్పడం ప్రారంభించిన సత్యనారాయణ గోయెంకా గారి పద్ధతిలో అక్కడ పది రోజుల శిబిరాలు జరుగుతాయి. పదో రోజు పొద్దున దాకా మౌనం. ఫీజు లేదు, శిబిరం పూర్తి చేసినవాళ్లు ఇష్టమైతే విరాళం ఇస్తారు. ఆడపడుచు సెలవు పెట్టుకుని వచ్చి తల్లిని చూసుకుంటాననడంతో నా స్నేహితురాలు ఆ పది రోజులూ వెళ్లొచ్చింది.

వచ్చాక వారం తిరక్కుండానే సాధన ఆగిపోయింది. ‘కూసుంట అక్కా. కండ్లు మూస్తనో లేదో అమ్మా, నా సాక్సులేవి అంటది బిడ్డ. ఈయనేమో చాయ్ అంటడు. సిలిండరు వచ్చిందని పక్కింటామె పిలుస్తది. వాళ్ల తప్పు గాదు. నేను మంచం అంచు మీద కూసుంటే ఖాళీగ కూసున్నననుకుంటరు. ఇంట్ల నాకంటూ జాగ లేదక్కా!’ అంది.

ఆలోచించండి. మన ఇళ్లలో దేవుడికి గూడు ఉంది. పిల్లలకి చదువుకునే బల్ల ఉంది. ఇంటాయనకి పేపరు చదివే కుర్చీ ఉంది. వంటిల్లు మనదే అంటారు గానీ అది పనిచేసే చోటు, కూర్చునే చోటు కాదు. పని చేయకుండా కూర్చున్న ఆడది ఖాళీగా ఉన్నట్టే లెక్క!

అందుకే బాల్కనీ పక్కనున్న మూల, రెండడుగుల చదరం, తనదని తేల్చుకుంది. ఓ చాప, ఓ దిండు, ఓ చిన్న పీట. ఆ పీట మీద ఏదో ఒకటి ఉండాలి, దాన్ని చూడగానే ఇంట్లోవాళ్లకి ‘అమ్మ కూర్చుంది’ అని తెలియాలి. ‘బొమ్మ నాకోసం గాదు అక్కా, వాళ్లకోసం’ అని నవ్వింది.

విపశ్యన పద్ధతిలో విగ్రహంతో పని లేదు. మంత్రమూ లేదు. శ్వాసనీ, ఒంటి మీద కలిగే అనుభూతుల్నీ గమనించడమే. తను కళ్లు మూసుకునే కూర్చుంటుంది. విగ్రహం పని ఒక్కటే. తలుపు లేని గదికి తలుపులా నిలబడటం.

ఎవరి విగ్రహం?

షాపుకి వెళ్లే ముందు ఇది తేల్చుకోవాలి. ‘బుద్ధుడు’ అని అమ్మేవాళ్లంతా బుద్ధుణ్ణే అమ్మరు.

బొజ్జ వేసుకుని నవ్వే ‘లాఫింగ్ బుద్ధ’ గౌతమ బుద్ధుడు కాడు. పదో శతాబ్దం నాటి ‘బుదాయ్’ అనే చైనా సన్యాసి రూపం అది. మైత్రేయుడి అవతారమని అక్కడివాళ్లు నమ్ముతారు. దాన్ని ధ్యానం మూలలో పెట్టుకోకూడదని కాదు, ఎవరో తెలిసి పెట్టుకుంటే మంచిది.

గౌతమ బుద్ధుడి విగ్రహమైతే చేతులు చూడండి. రెండు చేతులూ ఒళ్లో ఉంటే ధ్యాన ముద్ర. కుడి చేతి వేళ్లు నేలని తాకుతుంటే భూమిస్పర్శ ముద్ర, జ్ఞానోదయమైన క్షణానికి గుర్తు. అరచెయ్యి మనవైపు ఎత్తి ఉంటే అభయ ముద్ర.

మన ఆంధ్ర శిల్పుల బుద్ధుడికి ఓ ప్రత్యేకత ఉంది. అమరావతి, నాగార్జునకొండ విగ్రహాల్లో ఆయన నిలబడి ఉంటాడు. కుడి భుజం మీద వస్త్రం ఉండదు. ఎడమ చేత్తో చీవరం కొంగు పట్టుకుని ఉంటాడు. ఆ వస్త్రం మడతలు గీతలు గీతలుగా దిగి, అడుగున అంచు లావుగా తిరిగి ఉంటుంది. ఈ పోలిక సముద్రం దాటి శ్రీలంకకీ, ఆగ్నేయాసియాకీ వెళ్లింది. మన షాపుల్లోకి మాత్రం థాయ్, చైనా పోలికలే ఎక్కువగా వస్తున్నాయి. చెక్కించుకునే అవకాశం ఉంటే మన బుద్ధుణ్ణే అడగొచ్చు కదా!

ఇక అమ్మవార్లు. బౌద్ధంలో అమ్మవారేమిటని ఆశ్చర్యపోకండి. నా స్నేహితురాలు చివరికి ఎంచుకున్నది తారనే. అవలోకితేశ్వరుడి కన్నీటిలోంచి పుట్టిందని ఆమె గురించి ఒక కథ. ఇంకో కథ మన ఆడవాళ్లంతా వినాల్సింది. పూర్వం జ్ఞానచంద్ర అనే రాజకుమారి ఎన్నో పుణ్యకార్యాలు చేసిందట. ‘వచ్చే జన్మలో మగవాడిగా పుట్టాలని కోరుకో, అప్పుడు సిద్ధి పొందుతావు’ అన్నారట భిక్షువులు. ఆమె నవ్వి, ‘ఆడా మగా అన్న భేదం అజ్ఞానుల మాట. మగ రూపంలో సిద్ధి పొందాలనేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం స్త్రీ రూపంలోనే అందరి మేలూ చూస్తాను’ అని శపథం చేసిందట. ఆమే తార అయింది. శ్యామ తార విగ్రహంలో ఒక కాలు మడిచి, కుడి కాలు కిందికి చాపి ఉంటుంది. ఎవరైనా పిలిస్తే చటుక్కున లేచి వెళ్లడానికని చెబుతారు. పిల్లలు పిలిస్తే సగం అన్నంలో లేచే మనకి ఆ భంగిమ ఎంత పరిచయమో!

తార మనకి కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలో తార, మారీచి విగ్రహాలు దొరికాయి. నాగార్జునకొండలో హారీతికి గుడే ఉండేది. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ పాదం దగ్గరా ఆమె విగ్రహం ఉంది. హారీతి మొదట పరాయి పిల్లల్ని ఎత్తుకుపోయి తినే యక్షిణి. బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డని భిక్షాపాత్ర కింద దాచాడు. బిడ్డ కనిపించక తల్లడిల్లిన ఆమెతో, ‘అయిదు వందల మందిలో ఒక్కడు కనబడకపోతేనే ఇలా ఉంటే, ఒక్కరే ఉన్న తల్లుల మాటేమిటి?’ అన్నాడట. అప్పటినుంచీ ఆమె పిల్లల్ని కాపాడే తల్లి అయింది.

విగ్రహాలే కాదు, వాటిని నిలబెట్టిన చేతులూ ఆడవాళ్లవే. సాగర్ రింగ్ రోడ్డు నుంచి బయల్దేరితే దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో నాగార్జునకొండ. అక్కడి మహాచైత్యాన్ని నిలబెట్టింది ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు చాంతిసిరి. మూడో శతాబ్దం మాట ఇది. రాజకుటుంబం కాని బోధిసిరి అనే ఉపాసిక కూడా అక్కడ చైత్యగృహం కట్టించింది. వాళ్ల పేర్లు శాసనాల్లో నేటికీ చదువుకోవచ్చు. 2022 మే 14న సాగర్ దగ్గరే బుద్ధవనం తెరిచారు. పిల్లల్ని తీసుకెళ్తే ఈ కథలన్నీ చెప్పడానికి వీలు.

చెక్కే ఎందుకు?

‘రాతిది తీసుకో, కలకాలం ఉంటుంది’ అని నేనే సలహా ఇచ్చాను. హుస్సేన్‌సాగర్‌లో 1992లో నిలబెట్టిన రాతి బుద్ధుణ్ణి రోజూ చూసే నగరం కదా మనది! తను ఒప్పుకోలేదు. ‘రాయి సల్లగ ఉంటది. కట్టె మన ఒళ్లు లెక్క’ అంది.

చెక్క విగ్రహానికి పాత కథే ఉంది. బుద్ధుడు తల్లికి ధర్మం చెప్పడానికి దేవలోకం వెళ్లినప్పుడు ఆయన్ని చూడకుండా ఉండలేక కౌశాంబి రాజు ఉదయనుడు చందనపు చెక్కతో ప్రతిమ చేయించాడట. అదే తొలి బుద్ధ విగ్రహమని ఐతిహ్యం. ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయెన్‌త్సాంగ్ ఈ కథ రాసుకోవడమే కాదు, తిరిగి వెళ్తూ చందనపు విగ్రహాలు కూడా పట్టుకెళ్లాడు.

చెక్కకి ఆయుష్షు తక్కువన్నది నిజమే. మన వానలకీ చెదలకీ తట్టుకుని పాతవి మిగలడం కష్టం. కానీ జాగ్రత్త పడితే ఎంతకాలం ఉంటుందో జపాన్ చూపించింది. అక్కడి బ్యోదోఇన్ ఆలయంలో జోచో అనే శిల్పి 1053లో చేసిన అమితాభ బుద్ధుడి చెక్క విగ్రహం ఇప్పటికీ ఉంది. ఒకే దుంగ కాకుండా సైప్రస్ జాతి చెక్క ముక్కల్ని లోపల బోలుగా తొలిచి, అతికి చేశారు. లోపల బోలుగా ఉంటే చెక్క ఆరేటప్పుడు పగుళ్లు తక్కువ. మన పక్కనే పూరీలో జగన్నాథుడిది వేపమాను. అక్కడ చెక్క పాతబడటాన్ని లోపంగా చూడరు. కొన్నేళ్లకోసారి నవకళేబరమని కొత్త విగ్రహాలు చేస్తారు. కిందటిసారి 2015లో జరిగింది.

ఏ చెక్క? ఎక్కడ?

మన కొండపల్లి, నిర్మల్ బొమ్మలు తెల్ల పొనికి చెక్కతో చేస్తారు. బరువుండదు, ఉలికి వెన్నలా లొంగుతుంది. చేతులూ కాళ్లూ విడిగా చేసి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ‘మక్కు’తో అతకడం కొండపల్లివాళ్ల పద్ధతి. రంగులు వేస్తేనే ఆ బొమ్మకి అందం. పెళుసు కనుక రోజూ కదిలించే చోట పెట్టకండి. పొనికి చెట్లు తగ్గిపోవడం ఈ పనివాళ్లకి పెద్ద దిగులు.

రంగు లేకుండా చెక్క అందమే కనపడాలంటే టేకు, వేప, జిట్రేగి మంచివి. జిట్రేగినే మనం రోజ్‌వుడ్ అంటాం. దేవతా విగ్రహాల చెక్కపనికి పేరున్న ఊరు తిరుపతి జిల్లా ఏర్పేడు దగ్గరి మాధవమాల. తరతరాలుగా అక్కడి కుటుంబాలది ఇదే వృత్తి.

ఎర్రచందనం అంటే అందరికీ మోజు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఎర్రచందనానికి సువాసన ఉండదు. ఎర్రగా ఉండి ఘుమఘుమలాడుతుంటే అది అత్తరు మహిమే! పైగా అది శేషాచలం, నల్లమల ప్రాంతాల్లో పెరిగే అరుదైన చెట్టు. చట్టం కళ్లన్నీ దాని మీదే ఉంటాయి. సరైన బిల్లు లేకుండా కొనకండి, చవగ్గా ఇస్తామన్నవాళ్ల జోలికి అసలు వెళ్లకండి.

హైదరాబాద్‌లో చేతిపనులు చూడాలనుకుంటే ప్రభుత్వ గోల్కొండ షోరూములు ఉన్నాయి. మన వైపువాళ్లకి ఉప్పల్ మినీ శిల్పారామం దగ్గర. అక్కడ మేళాలు పెట్టినప్పుడు కళాకారులే స్వయంగా వస్తే, మధ్యవాళ్లు లేకుండా మాట్లాడుకోవచ్చు.

అచ్చు బొమ్మా? చెక్కిన బొమ్మా?

దిల్‌సుఖ్‌నగర్‌లో మేమిద్దరం ఎక్కిన మొదటి షాపులో, ‘ఇది ప్యూర్ వుడ్ మేడమ్, హ్యాండ్ మేడ్’ అని ఒకటి చూపించారు. గోధుమరంగులో, గీతలతో ముచ్చటగా ఉంది. పక్కన అచ్చం అలాంటివే ఇంకో నాలుగు. అదే గీత, అదే చోట, అయిదింటికీ! చేత్తో చెక్కినవి కవలపిల్లల్లా ఉండొచ్చు గానీ నీడల్లా ఒక్కలా ఉండవు. అది అచ్చులో పోసిన రెజిన్. రెజిన్ బొమ్మ కొనడం నేరమేమీ కాదు, చెక్కకిచ్చే ధర దానికివ్వడమే నష్టం. ఆ తర్వాత తిరిగి తిరిగి మేం నేర్చుకున్న కిటుకులివి.

అడుగు భాగం తిప్పి చూడండి. నిజం చెక్కకి అడుగున దుంగ కోత కనపడుతుంది. చుట్లు గానీ గీతలు గానీ ఉంటాయి. అడుగున వెల్వెట్ గుడ్డ అతికించి ఉంటే ఎందుకని అడగండి.

గీతలు పైనుంచి పక్కకి, పక్కనుంచి వెనక్కి తిరుగుతూ సాగుతున్నాయా? ముందు మాత్రమే ఉండి మలుపు దగ్గర ఆగిపోతే అది పైపూత.

వీపు చూడండి. చెయ్యి తిరిగిన శిల్పి కూడా వీపు మీద ఉలి గుర్తు వదులుతాడు. రెండు పక్కలా నిలువునా సన్నటి అతుకు గీత ఉంటే అచ్చు గుర్తు.

మిషను చెక్కినవీ వస్తున్నాయి. చెక్క నిజమే, చెయ్యి కాదు. మెడ కింద, వేళ్ల మధ్య, చెవి వెనక చూడండి. లోతుల్లో అంతా ఒకే మందాన గుండ్రంగా అరిగినట్టుంటే మిషను పని. ధర మాట్లాడేటప్పుడు ఆ తేడా అడగండి.

పొడి గుడ్డతో రుద్దితే రంగు అంటుతోందా? చిన్న చిన్న రంధ్రాలు, వాటికింద పిండిలాంటి పొడి ఉన్నాయా? ఉంటే పుచ్చు పట్టిందన్నమాట. వద్దనేయండి. మీ ఇంట్లో మంచాలకీ పాకుతుంది.

అన్నిటికన్నా మంచి ప్రశ్న, ‘దీనికెన్ని రోజులు పట్టింది?’ అన్నది. చేసినవాళ్లకైతే జవాబు నాలిక చివరే ఉంటుంది.

ఉలి చివర కళ్లు

చివరికి ఓ మేళాలో కలిసిన శిల్పి దగ్గర జానెడు ఎత్తు వేప చెక్క తార చేయించుకుంది నా స్నేహితురాలు. ‘రెండు నెలలు పడతాదమ్మా, తొందర పెడితే నాకాడ కాదు’ అన్నాడాయన. ఎందుకో కూడా విడమరిచి చెప్పాడు.

పచ్చి చెక్క పనికిరాదు. కోసిన దుంగని నీడలో నెలల తరబడి ఆరబెట్టాలి. ఎండలో పెడితే నెర్రెలిస్తుంది. మధ్యలోని చేవ భాగమే విగ్రహానికి. పైనున్న లేత చెక్కకి పురుగు తొందరగా పడుతుంది. ఆ తర్వాత కొలతలు. ముఖం పొడవు ఎంతో దాన్నిబట్టే ఒళ్లంతా ఎన్ని పాళ్లుండాలో లెక్క. దాన్ని తాళమానం అంటారు. మొదట బాడిసతో మోటుగా రూపు తెస్తారు. తర్వాత వెడల్పు ఉలి, సన్న ఉలి, గోరంత ఉలి. కొడతి దెబ్బ ఎక్కువైతే ముక్కు పోతుంది. పోయిన ముక్కు మళ్లీ రాదు. ఆకురాయి, గరుకు కాగితం, ఆఖర్న నూనె, తేనెమైనం. కళ్లు మాత్రం అన్నిటికన్నా చివర. ‘చేయి నిలకడగా ఉన్న పొద్దు చూసుకుని చేస్తాము’ అన్నాడు.

ఈ మాట విన్నాక ధర బేరమాడటానికి మాకు నోరు రాలేదు. చీర కొంటే నేతపని చూస్తాం, పోగు తప్పితే పట్టుకుంటాం. రెండు నెలల చెయ్యి ఉన్న వస్తువుని ప్లాస్టిక్ బొమ్మ ధరతో పోల్చడం న్యాయం కాదు కదా. అంత డబ్బు లేకపోతే చిన్నది తీసుకుందాం. అరచేతి బొమ్మ కూడా అదే పని చేస్తుంది.

ఇంట్లో ఎక్కడ?

‘పూజగదిలో పెట్టొచ్చా?’ అని చాలామంది అడుగుతారు. మీ ఇంటి పద్ధతి మీది. బౌద్ధులుగా బతికేవాళ్ల ఇళ్లలో బుద్ధుడు అలంకారం కాదన్నది మాత్రం మరవద్దు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేద్కర్ బౌద్ధం స్వీకరించాక ఆ దారిలో నడిచిన కుటుంబాలు మన ఊళ్లలోనూ ఉన్నాయి. వాళ్లకి ఆయన గురువు. అలాంటివాళ్లు మనింటికి వచ్చి చెప్పుల స్టాండు మీదో, స్నానాలగది గోడకో ఆయన్ని చూస్తే మనసు నొచ్చుకోదూ? తల ఒక్కటే ఉన్న విగ్రహాన్నీ చాలామంది బౌద్ధులు ఇష్టపడరు.

నా స్నేహితురాలి ఇంట్లో మొదట చిన్న పేచీ వచ్చింది. ‘మనింట్ల దేవుండ్లు సాలరా, ఇదేంది కొత్తగ?’ అన్నారు మంచం మీదున్న అత్తగారు. కోడలు వాదించలేదు. తార కథ, హారీతి కథ చెప్పింది. హారీతి కడగొట్టు బిడ్డ దగ్గరకొచ్చేసరికి పెద్దావిడ కళ్లు తుడుచుకున్నారట. ఆ తర్వాత మనవరాలు ‘అమ్మా’ అని అరిస్తే ‘ఉష్, మీ అమ్మ కూసుంది’ అని ముందుగా గదమాయించేది ఆవిడే!

ఇంటాయన చాయ్ తనే పెట్టుకోవడం నేర్చుకున్నారు. పొద్దున ఇరవై నిమిషాలు, అంతే. ఇల్లు మునిగిపోలేదు. పది రోజుల శిబిరంలో నేర్చుకున్నది ఇరవై నిమిషాలకి కుదించడం సరికాదని సాధకులు అనొచ్చు. అసలు లేనిదానికన్నా ఇది నయం కాదూ? డాక్టరు రాసిన మందులు తను మానలేదు. ఎవరూ మానకూడదు కూడా. నిద్రలేమి, దిగులు వదలకపోతే ధ్యానం మందుకి తోడవుతుంది గానీ బదులు కాదు.

మూల చిన్నదైనా పరవాలేదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కోచింగ్ కోసం ఉండే అమ్మాయిలకి ఓ మంచం, ఓ అల్మారా తప్ప ఏముంటాయి? ఆ అల్మారా పై అర మీద ఓ అరచేతి బొమ్మ పట్టదా? అది బయటికి తీసి బల్ల మీద పెడితే, కాసేపు మాట్లాడించొద్దని గదిలోవాళ్లతో ఒప్పందం చేసుకోవచ్చు. బొమ్మే ఉండాలనీ లేదు. అమ్మమ్మ ఇచ్చిన చెక్క కుంకుమ భరిణె అయినా ఆ పని చేస్తుంది. కావాల్సింది గుర్తు, దాన్ని గౌరవించే మనుషులు.

ఇలా చూసుకోండి

• ఎండ నేరుగా తగిలే చోట, ఏసీ గాలి కొట్టే చోట, గ్యాస్ పొయ్యి పక్కన పెట్టకండి. వేడి, తేమ మాటిమాటికీ మారితే చెక్క పగులుతుంది.

• గోడకి ఆనించకండి. వానాకాలం గోడ చెమ్మ విగ్రహం వీపుకి ఎక్కుతుంది. రెండు వేళ్ల సందు ఉంచండి.

• తడిగుడ్డతో తుడవద్దు. అభిషేకాలు అసలే వద్దు. మెత్తటి పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు.

• రంగు వేయని చెక్కకి ఏడాదికి ఒకటి రెండుసార్లు తేనెమైనం పలచగా రాసి పొడిగుడ్డతో మెరుగు పెట్టండి. అవిసె నూనె వాడితే తుడిచిన గుడ్డని ఉండచుట్టి పడేయకండి. దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరబెట్టి పారేయండి.

• దీపం, అగరొత్తులు దూరంగా ఉంచండి. ఎంతైనా అది కట్టె.

• సన్నటి నెర్రె వస్తే కంగారు పడకండి. చెక్క గాలిని బట్టి కాస్త కదులుతుంది. పిండి రాలుతుంటే మాత్రం వెంటనే మిగతా చెక్క సామానుకి దూరంగా తీసి, వడ్రంగికి చూపించండి.

మొదట్లో అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాలి కదా. ప్రశాంతత బొమ్మలో లేదు. దాన్ని చెక్కిన మనిషి రెండు నెలల ఓపికా, దాని ముందు కూర్చునే మనిషి ఇరవై నిమిషాల పట్టుదలా, ఆ కాసేపూ ‘అమ్మా’ అని పిలవకుండా ఆగిన ఇంటివాళ్ల మర్యాదా కలిస్తేనే అది వస్తుంది. మొదటిది డబ్బుపెట్టి కొనుక్కోవచ్చు. రెండోది మన చేతుల్లో ఉంది. మూడోది మాత్రం అడిగి తీసుకోవాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అందరికీ పెట్టే ఆ అమ్మ కూడా తనకి కావాల్సింది అడిగే తీసుకోవాలి మరి!